తీసేసిన పేరు పోలింగ్ రోజునే తెలుస్తుంది

2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు, ఎంతోమంది చేతిలో ఓటరు గుర్తింపు కార్డు పట్టుకుని పోలింగ్ కేంద్రం దాకా వెళ్లి, జాబితాలో పేరు లేదన్న మాట విని వెనక్కి తిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు కూడా గల్లంతైందని ఆ రోజే బహిరంగంగా చెప్పారు. అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ ఓటు వేయలేకపోయినవారికి క్షమాపణ చెప్పారు. ఉన్నత స్థానంలో ఉన్న అధికారి జనానికి నేరుగా క్షమాపణ చెప్పడం అరుదు కాబట్టి ఆ పని పట్ల నాకు గౌరవముంది. అయితే ఆ క్షమాపణ వెలువడేసరికి వారి ఓటు దాటిపోయింది, మళ్లీ దాని వంతు ఐదేళ్లకు గానీ రాదు.

ఎన్నికలు దగ్గర పడగానే ఓటర్ల జాబితా మీద మొదలయ్యే చర్చ దాదాపు పూర్తిగా దొంగ ఓట్ల చుట్టూనే తిరుగుతుంది. చనిపోయినవారి పేర్లు తీయలేదనీ, ఒకే మనిషికి రెండు చోట్ల ఓటుందనీ, ఒకే ఇంటి నంబరు మీద పదుల కొద్దీ పేర్లున్నాయనీ పార్టీలు ఫిర్యాదులు చేస్తాయి, పత్రికలు వాటిని ప్రముఖంగా వేస్తాయి. అవన్నీ పట్టించుకోవలసిన విషయాలే. కానీ జాబితాలో తప్పులు రెండు రకాలు: ఉండకూడని పేరు ఉండటం ఒకటి, ఉండాల్సిన పేరు లేకపోవడం ఇంకొకటి. మొదటి తప్పును పోలింగ్ రోజున కూడా అడ్డుకునే మార్గాలు చట్టంలో ఉన్నాయి. పార్టీల ఏజెంట్లు ఎదురుగా కూర్చుంటారు, అనుమానం వస్తే రెండు రూపాయలు కట్టి ఓటరును సవాలు చేయవచ్చు, గైర్హాజరైనవారు, తరలివెళ్లినవారు, మృతులు ఎవరో చెప్పే ప్రత్యేక జాబితా ప్రిసైడింగ్ అధికారి చేతిలో ఉంటుంది, వేలి మీద సిరా ఉంటుంది. రెండో తప్పును ఆ రోజు సరిదిద్దే మార్గం ఒక్కటీ లేదు. అందుకే పేరు చేర్చుకోవడం పౌరుడికి సులువుగా ఉండాలనీ, పేరు తీసేయడం మాత్రం ప్రభుత్వ యంత్రాంగానికి శ్రమతో కూడిన పనిగా ఉండాలనీ నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చాలా చోట్ల దీనికి తలకిందులుగా ఉంది.

చట్టం ఏమంటుందో ముందు చూడాలి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం జాబితాలో పేరున్నవారికే ఓటు వేసే హక్కు ఉంటుంది. గుర్తింపు కార్డు మనిషిని గుర్తించడానికే తప్ప, ఓటు హక్కుకు అది ఆధారం కాదు. జాబితా తయారీ గురించి చెప్పే 1950 నాటి మరో ప్రజాప్రాతినిధ్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం నామినేషన్ల దాఖలుకు చివరి తేదీ దాటాక ఆ ఎన్నిక ముగిసే వరకు కొత్త పేరు చేర్చడానికి వీల్లేదు. మన పేరుతో వేరొకరు ముందే ఓటు వేసి వెళ్లిపోతే టెండర్ ఓటు (విడిగా కాగితపు బ్యాలెట్ మీద వేసే ఓటు) అడిగే వీలుంది గానీ, పేరే లేనివారికి ఆ వీలు కూడా లేదు. అంటే తొలగింపు గురించి పోలింగ్ రోజున తెలుసుకున్న మనిషి ముందు చట్టం అన్ని తలుపులూ మూసేసి ఉంటుంది.

నేను విజయనగరం జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. నా ఉద్యోగ కాలంలో బీఎల్‌ఓగా, అంటే ఒక పోలింగ్ కేంద్రం పరిధిలో ఓటర్ల జాబితా చూసుకునే బూత్ స్థాయి అధికారిగా, ఇల్లిల్లూ తిరిగాను, ఎన్నికల విధుల్లో పరాయి నియోజకవర్గాల పోలింగ్ కేంద్రాల్లోనూ కూర్చున్నాను. ఒక సార్వత్రిక ఎన్నికలో నేను మొదటి పోలింగ్ అధికారిని, అంటే వచ్చిన ఓటర్ల పేర్లు గుర్తుపెట్టే జాబితా ప్రతి (మార్క్‌డ్ కాపీ) నా ముందుండేది. వరుస సంఖ్య, పేరు బిగ్గరగా చదవడం, ఏజెంట్లకు అభ్యంతరం లేకపోతే గీత గీయడం నా పని. మధ్యాహ్నం వేళ ఒకావిడ వచ్చింది. హైదరాబాద్‌లో కట్టుబడి పనికి వెళ్లిన కుటుంబం వాళ్లది, ఓటు కోసమే రాత్రంతా జనరల్ బోగీలో ప్రయాణం చేసి వచ్చింది. ఆమె కార్డు మీది నంబరుతో వెతికితే పేరు దొరికింది గానీ, ఫొటో ఉన్న గడి మీద అడ్డంగా 'డిలీటెడ్' అని అచ్చు పడి ఉంది. అనుబంధ జాబితాలో ఆమె వరుస సంఖ్య పక్కన 'ఎస్' అనే ఒక్క అక్షరం ఉంది.

"కార్డు ఉంది కదా బాబూ, ఇంకేటి కావాలి?" అని ఆమె అడిగింది.

"కార్డుంటే సరిపోదమ్మా, జాబితాలో పేరుండాలి. తీసేసినట్టు చూపిస్తోంది" అన్నాను.

"ఎవరు తీసేసినారు? నానెవరికీ చెప్పనేదే!"

రెండు ప్రధాన పార్టీల ఏజెంట్లూ ఆమె తమ ఊరి మనిషేనని ఒక్క గొంతుతో చెప్పారు. అంతటి ఏకాభిప్రాయం ఆ గదిలో ఆ రోజు మరే విషయంలోనూ కుదరలేదు. ప్రిసైడింగ్ అధికారి పుస్తకం తిరగేసి, చేయగలిగింది లేదని చెప్పారు. ఆయన చెప్పింది చట్టప్రకారం సరైన మాటే. ఆమె కార్డును కొంగులో కట్టుకుని బయటికి వెళ్లి, వరుసలో ఉన్న తన ఊరివాళ్లతో ఏదో చెబుతూ చాలాసేపు వసారాలోనే నిలబడింది.

ఆ 'ఎస్' అనే అక్షరం అక్కడికి ఎలా చేరుతుందో బీఎల్‌ఓగా తిరిగిన ఎవరికైనా తెలుసు. తొలగింపులకు కారణం చెప్పడానికి జాబితాలో కొన్ని గుర్తులు వాడతారు. 'ఈ' అంటే చనిపోయినవారు, 'ఆర్' అంటే రెండోసారి నమోదైనవారు, 'ఎస్' అంటే నివాసం మారినవారు. చనిపోయినవారి విషయంలో మరణ ధ్రువపత్రం ఉంటుంది, లేదా ఊరంతటికీ తెలిసిన సంగతి ఉంటుంది. రెండుసార్లు నమోదైనవారి విషయంలో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. నివాసం మారడం మాత్రం ఒక అంచనా మాత్రమే. బీఎల్‌ఓ వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంటుంది. పక్కింటివారు "వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారండీ" అంటారు. ఆ మాట నిజమే, కానీ సంక్రాంతికి వస్తారనీ, రేషన్ కార్డు ఇక్కడే ఉందనీ, ముసలి తల్లి ఇక్కడే ఉందనీ ఆ ఒక్క వాక్యంలో ఉండదు.

ఈ గుర్తు ఎంత పెద్ద సంఖ్యలో పడుతుందో హైదరాబాద్ జిల్లా లెక్క చూస్తే అర్థమవుతుంది. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు ఆ జిల్లాలోని 15 శాసనసభ నియోజకవర్గాల్లో 2023 జనవరి నుంచి 5,41,201 పేర్లు తొలగించినట్టు అధికారులు ప్రకటించారు. అందులో మృతులు 47,141, రెండుసార్లు నమోదైనవి 54,259, తరలివెళ్లినవారు 4,39,801. అంటే తీసేసిన ప్రతి పది పేర్లలో ఎనిమిది 'తరలివెళ్లారు' అన్న కారణంతోనే పోయాయి. ఇవన్నీ తప్పుడు తొలగింపులని నేను అనడం లేదు. అద్దె ఇళ్ల నగరంలో మనుషులు నిజంగానే ఏడాదికో చోటుకు మారతారు, పాత పేర్లు అలాగే ఉంచితే జాబితా ఉబ్బిపోతుంది. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 2019లో 44.84 శాతం, 2024లో 48.48 శాతం పోలింగ్ నమోదైనప్పుడు నగరవాసులకు బద్ధకమని అందరూ తిట్టిపోశారు గానీ, అక్కడ లేని మనుషుల పేర్లు జాబితాలో ఉన్నంత కాలం ఆ శాతం తప్పనిసరిగా తక్కువగానే కనిపిస్తుంది. కాబట్టి శుభ్రం చేయడం అవసరమే. నా అభ్యంతరమల్లా మూడు కారణాల్లోకి రుజువు అతి తక్కువగా ఉండే కారణం మీదే అతి ఎక్కువ పేర్లు పోతున్నాయన్నది.

పైగా చట్టం ఈ విషయంలో మనం అనుకునే దానికంటే ఎంతో మెత్తగా ఉంది. 1950 నాటి చట్టం 20వ సెక్షన్ సాధారణ నివాసం అంటే ఏమిటో చెబుతూ రెండు మాటలు అంటుంది. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ మనిషి అక్కడి నివాసి అయిపోడు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన అక్కడి నివాసి కాకుండానూ పోడు. మొదటి మాట నగరంలో స్థిరపడి, ఊళ్లోనూ ఓటు ఉంచుకునే మధ్యతరగతికి వర్తిస్తుంది. రెండో మాట పాలమూరు నుంచి ముంబయికీ, శ్రీకాకుళం నుంచి చెన్నైకీ పనికి వెళ్లే కూలీలకు రక్షణ. ఆచరణలో ఈ రెండూ తారుమారవుతున్నాయి. ఊళ్లో మేడ ఉన్న కుటుంబం పేర్లు పదేళ్లయినా కదలవు, ఎందుకంటే ఆ ఇంటికి కాపలా మనిషైనా ఉంటాడు, అడిగితే "అయ్యగారు పండక్కి వస్తారు" అని చెబుతాడు. తాళం పడిన పూరింటి తరఫున ఆ మాట చెప్పేవారుండరు.

తొలగించే ముందు నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అదే చట్టం 22వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఇప్పటికే జాబితాలో ఉన్న మనిషి పేరు ఒకసారి సరిచూసి చేర్చినదేనని భావించాలనీ, విచారణ లేకుండా తీసేయకూడదనీ సుప్రీంకోర్టు 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా ఇక్కడ ఒక మౌలికమైన చిక్కుంది. తరలివెళ్లాడని చెబుతున్న మనిషికి పంపే నోటీసు, అతను విడిచి వెళ్లాడని చెబుతున్న ఆ చిరునామాకే వెళుతుంది. తాళం వేసిన తలుపుకు అంటించిన కాగితం గాలికి ఎగిరిపోతుంది, గడువు గడిచిపోతుంది, ఫైల్లో మాత్రం నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది. తొలగింపు మీద 15 రోజుల్లోగా జిల్లా కలెక్టరుకూ, ఆ తర్వాత రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికీ అప్పీలు చేసుకోవచ్చని నిబంధన ఉంది గానీ, తన పేరు పోయిందని తెలియని మనిషి ఏ అప్పీలు చేస్తాడు?

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ఓటరు ఫోన్ నంబరు ఉన్న చోట అతనికి సందేశం పంపాలి, కనీసం ఒకసారి ఫోన్ చేయాలి. ఊళ్లో ఉన్న రక్తసంబంధీకుల సంతకం తీసుకోవాలి. తీసేయబోయే పేర్ల జాబితాను, ఒక్కో పేరుకు కారణంతో సహా, పంచాయతీ కార్యాలయం గోడ మీదా ఆన్‌లైన్‌లోనూ ముందే పెట్టాలి. ఇది సాధ్యమేనని బిహార్ అనుభవం చూపించింది. 2025 జూన్‌లో అక్కడ ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ (ప్రతి ఓటరు వివరాలూ మళ్లీ తీసుకుని జాబితాను కొత్తగా తయారుచేయడం) మొదలైనప్పుడు 7.89 కోట్ల ఓటర్లుండగా, ఆగస్టు 1 నాటి ముసాయిదాలో 7.24 కోట్ల పేర్లే ఉన్నాయి. పోయిన సుమారు 65 లక్షల పేర్లను కారణాలతో ప్రకటించాలనీ, కార్డు నంబరుతో వెతుక్కునే వీలు కల్పించాలనీ ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాక కొద్ది రోజుల్లోనే ఆ జాబితాలు బయటికి వచ్చాయి. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో ఓటర్లు 7.42 కోట్లయ్యారు. కోర్టు చెబితే రోజుల్లో జరిగిన పని, కోర్టు చెప్పకముందే నియమంగా ఎందుకు ఉండకూడదు? ఆ సవరణ రెండో విడతలో పుదుచ్చేరితో పాటు మన యానాం కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి సమగ్ర సవరణ జరిగింది 2002లో. ఆ తర్వాత పెళ్లిళ్లు, వలసలు, రాష్ట్ర విభజన, ముంపు మండలాల మార్పిడి అన్నీ జరిగాయి, కాబట్టి ఆ పాత జాబితాలో తమ పేరో తల్లిదండ్రుల పేరో చూపించమని అడిగితే ఎవరు తడబడతారో ఊహించడం కష్టం కాదు.

అందరికంటే ముందు తడబడేది ఆడవాళ్లు. పెళ్లయిన అమ్మాయి పేరు పుట్టింట్లో 'ఎస్' గుర్తుతో వెంటనే పోతుంది, ఎందుకంటే పెళ్లి ఊరందరికీ తెలుసు. అత్తింట్లో పేరు చేరాలంటే మాత్రం చిరునామా మారిన కాగితం కావాలి, ఆధార్ మార్పించుకోవాలి, ఎవరో ఒకరు చిరునామా మార్పుకు ఫారం 8 నింపి పెట్టాలి. ఈలోగా ఒక ఎన్నిక వచ్చి వెళ్లిపోతుంది. స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి ఓటర్ల జాబితాలోనే ఈ గాయం ఉంది. తమ పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యననో, తల్లిననో మాత్రమే చెప్పుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు ఆనాడు జాబితా నుంచి పోయాయి. దేశ తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఆ విషయంలో పట్టు సడలించకపోవడం వల్లే తర్వాతి ఎన్నికలకు స్త్రీలు సొంత పేర్లతో నమోదయ్యారని సమర్థించేవారున్నారు, ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ ఇప్పుడు పేరు చెప్పడానికి ఎవరూ వెనకాడటం లేదు, వెనకబడుతున్నది కాగితం. పుట్టింటి జాబితాలో పేరు తీయడమూ అత్తింటి జాబితాలో చేర్చడమూ ఒకే ఫారంతో, ఒకే రోజున జరగాలి. చేర్చినట్టు రుజువు కానంతవరకు తీయకూడదు.

ఇక ఫారం 7 సంగతి. ఎవరి పేరు మీదైనా అభ్యంతరం చెప్పడానికి అదే నియోజకవర్గపు ఓటరుకు చట్టం ఇచ్చిన సాధనం అది. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో ఎవరు పెట్టారో తమకు తెలియదని దరఖాస్తుదారులుగా కనిపించినవారే చెప్పడంతో పోలీసు కేసులు నమోదయ్యాయి, పార్టీలు ఒకదాన్నొకటి నిందించుకున్నాయి. 2023లో అనంతపురం జిల్లా ఉరవకొండలో నిబంధనలు పాటించకుండా పేర్లు తీసేశారన్న ఫిర్యాదు మీద విచారణ జరిగి, ఓటరు నమోదు అధికారులుగా పనిచేసిన ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. పొరుగున ఉన్న కర్ణాటకలోని ఆళంద నియోజకవర్గంలో అదే ఏడాది ఎన్నికలకు ముందు ఆన్‌లైన్‌లో 6,018 ఫారం 7 దరఖాస్తులు రాగా, పరిశీలనలో నిజమైనవిగా తేలినవి 24. అక్కడ విషయం బయటపడింది ఒక బీఎల్‌ఓ వల్ల. తన బంధువు పేరే తొలగింపు జాబితాలో చూసి ఆమె ఆరా తీస్తే, దరఖాస్తు చేసినట్టున్న పొరుగువారికి ఆ సంగతే తెలియదు. ఊరి మనిషి ఊరి జాబితాను చూడటం వల్ల ఒక పెద్ద మోసం ఆగింది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పట్టుకోలేదు.

దొంగ ఓట్లే అసలు సమస్య అనే అవతలి పక్షం వాదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2021లో తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక సమయంలో ఓటరు నమోదు అధికారి లాగిన్‌ను దుర్వినియోగం చేసి వేల సంఖ్యలో గుర్తింపు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో, ఎన్నికల సంఘం ఆదేశాలతో ఒక ఐఏఎస్ అధికారి 2024 జనవరిలో సస్పెండయ్యారు. జాబితాలో పనికిరాని పేర్లు ఎక్కువగా ఉంటేనే అలాంటి కార్డులకు ఉపయోగం. చనిపోయినవారి పేర్లు వెంటనే తీసేయాలి, అందులో జాలి చూపించవలసిందేమీ లేదు. అయితే ఆ పని పొరుగువాడి ఫిర్యాదుతో కాక ప్రభుత్వ రికార్డుతో జరగాలి. మరణాల నమోదు వివరాలను నేరుగా తెప్పించుకుంటామని ఎన్నికల సంఘం 2025 మేలో ప్రకటించడం ఎంతో ఆలస్యమైనా సరైన నిర్ణయం. రెండు చోట్ల పేరున్న ప్రతివారినీ దొంగ ఓటరుగా చూడకూడదనడానికి మన సరిహద్దులే సాక్ష్యం. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో మహారాష్ట్ర తనదంటున్న గ్రామాల్లోనూ, సాలూరు పక్కన ఒడిశాతో వివాదమున్న కొటియా గ్రామాల్లోనూ జనానికి రెండు రాష్ట్రాల కార్డులున్నాయి. అవి రెండు ప్రభుత్వాలు వాళ్ల ఇంటికి వచ్చి ఇచ్చిన కార్డులు.

నా అనుభవంలో జాబితాను సరిచేయడానికి అన్నిటికంటే బాగా పనిచేసిన పద్ధతి ముసాయిదాను గ్రామసభలో పైకి చదవడం. ఇది ఎన్నికల సంఘం కార్యక్రమంలో ఎప్పటినుంచో ఉన్నదే, అమలు మాత్రం తీర్మానాల పుస్తకంలో రెండు వాక్యాలు రాయడంతో సరిపెడతారు. మేము ఒకసారి నిజంగా చదివాం. పంచాయతీ కార్యాలయం అరుగు మీద కూర్చుని ఇంటి నంబరు వారీగా పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు చదువుతుంటే ఊరే సరిచేసింది. ఒక పేరు దగ్గర "ఆ మామ్మ పోయి రెండేళ్లయింది" అని నాలుగు గొంతులు లేచాయి. ఒక కుర్రాడి వయసు అరవై అని పడింది, అందరూ నవ్వారు, దిద్దుకున్నాం. ఇంకో పేరు దగ్గర ఒకాయన ఆ మనిషి ఊరొదిలేశాడని అన్నాడు, వెంటనే ఆ మనిషి మేనమామ లేచి "చెన్నైలో పని చేస్తన్నాడు, ఇల్లు ఇక్కడే, పెళ్లాం బిడ్డలు ఇక్కడే" అని చెప్పాడు. తాళం వేసిన ఇంటి ముందు దొరకని సమాచారం అక్కడ కొద్ది క్షణాల్లో దొరికింది, అదీ అందరి ఎదుటా, మాట తప్పితే నిలదీసే మనుషుల మధ్య. ఏ పార్టీ మనిషీ ఒక్కడే కూర్చుని పేర్లు తీయించే వీలు లేకుండా పోయింది. నగరాల్లో గ్రామసభ ఉండదు గానీ అపార్ట్‌మెంట్ సంఘాలున్నాయి, బస్తీ కమిటీలున్నాయి, వార్డు సభలున్నాయి. రోడ్డు పక్కన నివసించే ఇల్లు లేనివారి విషయంలో బీఎల్‌ఓ రాత్రి పూట వెళ్లి వారు చెప్పిన చోటే పడుకుంటున్నారో లేదో చూసి నమోదు చేయాలనీ, చిరునామా పత్రం అడగకూడదనీ ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిబంధన రాసినవారు అంత మనసు పెట్టి రాశారు.

ఆ రాత్రి వెళ్లవలసిన మనిషికి మనం ఇచ్చేదేమిటో కూడా చెప్పుకోవాలి. బీఎల్‌ఓకు ఏడాదికి ఇచ్చే గౌరవ వేతనం 6,000 రూపాయలుండగా 2025 ఆగస్టులో దాన్ని 12,000 చేశారు. అంటే పెరిగాక కూడా నెలకు వెయ్యి రూపాయలు. అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో, సచివాలయ ఉద్యోగో తన అసలు పని ముగించుకుని సాయంత్రం వేళ వెయ్యి మందికి పైగా ఓటర్ల వివరాలు సరిచూడాలి. పనిభారం అంతలా ఉన్నప్పుడు తాళం వేసిన ఇంటికి రెండోసారి, మూడోసారి వెళ్లమని చెప్పడం తేలికే గానీ వెళ్లడం తేలిక కాదు. సవరణ జరిగే నెలల్లో వారిని మిగతా విధుల నుంచి పూర్తిగా తప్పించడం ప్రభుత్వం చేయగలిగిన పని, అది చేయకుండా తప్పంతా బీఎల్‌ఓ మీదకు నెట్టడం అన్యాయం.

జాబితాలో పేరు నిలిచినంత మాత్రాన ఓటు పడదు, పోలింగ్ కేంద్రం ఆ మనిషికి అందుబాటులో ఉండాలి. ఈ విషయంలో తెలుగు నేలకు ఒక మంచి చరిత్ర ఉంది. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిలీ అక్షరాలను తొలిసారి ప్రయత్నించింది 2004లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. ఇవాళ దేశమంతటా యంత్రం మీద అభ్యర్థి బటన్ పక్కన కనిపించే ఆ చుక్కలకు మొదలు అక్కడే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికీ ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. ఎంతో మంచి ఏర్పాటు అది. కానీ దానికి ఫారం 12డీ ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు చేరాలి. మంచం పట్టిన మనిషి తరఫున ఆ ఐదు రోజుల లెక్క ఎవరు గుర్తుపెట్టుకోవాలి? జాబితాలో వయసు ఉంది, వైకల్యం గుర్తించినవారి వివరాలు ఉన్నాయి. అలాంటప్పుడు నోటిఫికేషన్‌కు ముందే బీఎల్‌ఓ ఫారం పట్టుకుని వారి ఇంటికి వెళ్లడం నియమం కావాలి.

కేంద్రాల్లో ర్యాంపు ఉండాలన్నది చాలా ఏళ్లుగా ఉన్న ఆదేశం. ఒక అడుగు ఎత్తు మెట్టుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉంటే చక్రాల కుర్చీ సాఫీగా ఎక్కుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో ఎన్నికల వారంలో హడావిడిగా పోసిన సిమెంటు వాలు నాలుగడుగులు కూడా లేదు, అది చూసి ఒక దివ్యాంగుడి కొడుకు తండ్రిని చేతుల మీద ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. కుర్చీ ఉన్నా దాన్ని ఉంచిన గది తాళం చెవి వేరే ఉద్యోగి దగ్గర ఉంది. తనిఖీ పత్రంలో ర్యాంపు, కుర్చీ రెండూ ఉన్నట్టే నమోదై ఉంటాయి. పోలింగ్‌కు ముందే ఆ ఊళ్లోని ఒక దివ్యాంగ ఓటరును కుర్చీలో కూర్చోబెట్టి గేటు నుంచి యంత్రం దాకా తీసుకెళ్లి చూసి, ఆయన సంతకంతోనే ఆ పత్రం పూర్తి చేస్తే చాలు.

వరుసల సంగతి ఇంకా పెద్దది. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా 39,600 సెకన్లుంటాయి. 1,500 మంది ఓటర్లున్న కేంద్రానికి 80 శాతం మంది వస్తే ఒక్కొక్కరికి దక్కేది 33 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకూ శాసనసభకూ ఒకే రోజు ఓటు వేయాలి, ఓటు ఎవరికి పడిందో చూపే ఒక్కో వీవీప్యాట్ యంత్రంలో చీటీ కనిపించే సమయమే 7 సెకన్లు. 2024 మే 13న, మండుటెండలో, పోస్టల్ ఓట్లతో కలిపి 81.86 శాతం పోలింగ్ నమోదైన ఆ ఎన్నికల రోజున చాలా చోట్ల అర్ధరాత్రి దాటాక కూడా వరుసలు ఉన్నాయంటే ఈ లెక్క చూసినవారికి ఆశ్చర్యం కలగదు. గడువు ముగిసే వేళకు వరుసలో ఉన్నవారికి చివరి మనిషి నుంచి మొదలుపెట్టి సంతకం చేసిన చీటీలు పంచుతారు. ఆ చీటీ చేతిలో పట్టుకుని పసిపిల్లలతో గంటల తరబడి నిలబడిన తల్లుల ఓపికను మెచ్చుకుంటూ పత్రికలు ఫొటోలు వేశాయి. అంత ఓపిక అవసరం రాకుండా చూడటం ప్రభుత్వం పని. ఒక కేంద్రానికి గరిష్ఠ ఓటర్ల సంఖ్యను 2025లో 1,200కు తగ్గించారు, దానివల్ల సగటున మరో ఎనిమిది సెకన్లు కలిసొస్తాయి. ఉమ్మడి ఎన్నికలు జరిగే మన రాష్ట్రంలో ఆ సంఖ్య ఇంకా తగ్గాలన్నది నా అభిప్రాయం.

ఇన్ని మాట్లాడుకున్నాక, నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి మన్యానిది. 2024లో మైదాన ప్రాంతమంతటా సాయంత్రం 6 దాకా పోలింగ్ ఉంటే అరకు, పాడేరు, రంపచోడవరం నియోజకవర్గాల్లో 4 గంటలకే ముగించారు, పాలకొండ, కురుపాం, సాలూరులలో 5 గంటలకు. పోలింగ్ సిబ్బంది చీకటి పడకముందే కొండ దిగాలన్న భద్రతా కారణం దీని వెనక ఉంది, సిబ్బందిగా వెళ్లినవాడిని కాబట్టి ఆ భయం నాకూ తెలుసు. అయినా పోలింగ్ కేంద్రానికి అందరికంటే ఎక్కువ దూరం నడిచేవారికి అందరికంటే తక్కువ సమయం ఇస్తున్నాం. ఊరికి రోడ్డు లేక గర్భిణులను డోలీ కట్టి మోసుకెళ్లే చోట, ముసలివారు ఓటు కోసం కొండ దిగి, మళ్లీ ఎక్కాలి. సమయం పెంచలేకపోతే దూరమైనా తగ్గించాలి. గుడారంలోనైనా సరే, వంద మంది కోసమైనా సరే, కొండ మీది ఊళ్లకు అదనపు కేంద్రాలు పెట్టాలి. ఏ కేంద్రం ఎక్కడ ఉండాలో మార్చే పోలింగ్ కేంద్రాల హేతుబద్ధీకరణ ప్రతిపాదనలు ఎన్నికలకు ఎన్నో నెలల ముందే జిల్లా కలెక్టర్లు పార్టీల ముందు పెడతారు, అభ్యంతరాలు అడుగుతారు. గిరిజన సంఘాలూ, పార్టీలూ, అక్కడ పనిచేసే ఉపాధ్యాయులూ ఏ ఊరి నుంచి ఏ కేంద్రానికి ఎంత నడక ఉందో కాగితం మీద పెట్టి ఆ సమావేశానికే తీసుకెళ్లాలి. ముసాయిదా జాబితా మీద అభ్యంతరాల గడువు, కేంద్రాల మార్పు మీద అభ్యంతరాల గడువు దాదాపు ఒకే కాలంలో వస్తాయి కాబట్టి, తీసేసిన పేర్ల పరిశీలనా ఈ నడక లెక్కా ఒకే ప్రయాణంలో పూర్తిచేయవచ్చు.